పూసపాటి చిన విజయరామరాజు

పూసపాటి చిన విజయరామ గజపతిరాజు (సుమారు 1748 - 1794 జూలై 10) పద్దెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో విజయనగర సంస్థానాన్ని పాలించిన రాజు. సుమారు పన్నెండేళ్ళ ప్రాయంలో దత్తపుత్రుడుగా గద్దెనెక్కి, ముప్పైనాలుగేళ్ళ తరువాత పద్మనాభం గ్రామం వద్ద ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడుతూ మరణించాడు. ఈ పోరు పద్మనాభ యుద్ధంగా తెలుగునాట ప్రసిద్ధి పొందింది. యుద్ధానికి మూలం సరిహద్దు తగాదా గానీ, గద్దె కోసం పోటీ గానీ కాదు. సంస్థానం కంపెనీకి ఏటా చెల్లించవలసిన పేష్కషు బకాయి పడింది. ఆ బకాయి కోసం కంపెనీ సంస్థానాన్ని జప్తు చేసి, రాజును స్వస్థలం విడిచి పొమ్మంది. అందువలన ఈయన చరిత్ర ఒక వీరగాథ అయినంతగానూ ఒక సంస్థానపు జమాఖర్చుల చరిత్ర కూడా.

ఇక్కడ విజయనగరం అంటే ఉత్తరాంధ్రలోని విజయనగరం. తుంగభద్రా తీరాన వెలసిన విజయనగర సామ్రాజ్యానికి, దీనికి సంబంధం లేదు. పూసపాటి వంశంలో విజయరామరాజు అనే పేరు గల పాలకులు పలువురు ఉన్నారు. 1757లో బొబ్బిలి యుద్ధం ముగిసిన తరువాత తన గుడారంలో తాండ్ర పాపారాయుని చేతిలో హతుడైనవాడు పెద విజయరామరాజు. పద్మనాభంలో మరణించినవాడు చిన విజయరామరాజు. ఇద్దరి కథలూ జానపదుల నోట నిలిచినందున తరచుగా ఒకరి సంగతులు మరొకరికి అంటగట్టడం కనిపిస్తుంది.

పూర్వరంగం

పూసపాటి వారు పదిహేడవ శతాబ్దంలో విశాఖపట్నం ప్రాంతానికి వచ్చి, గోల్కొండ నవాబుల కాలం నుండి క్రమంగా బలపడిన క్షత్రియ కుటుంబం. విజయనగరం కోట 1713 ప్రాంతంలో నిర్మితమైంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినపుడు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో స్నేహం చేశాడు. ఆయన హతుడైన తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు బుస్సీతో పొసగలేదు. ఆయన ఆంగ్లేయులను ఆహ్వానించాడు. కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో బెంగాలు నుండి సేన వచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల వశమైంది.

తరువాతి కాలానికి పనికివచ్చే ఒక సంగతి ఈ దండయాత్రలో ఉంది. ఆంగ్ల సేన ఖర్చుకు నెలకు 50,000 రూపాయలు, అధికారులకు నెలకు 6,000 రూపాయలు ఇస్తానని ఆనంద గజపతిరాజు ఒప్పుకున్నాడు. అయితే రాజమహేంద్రవరం చేజిక్కిన తరువాతనే ఆ సొమ్ము ఇవ్వాలని షరతు. చందుర్తి గెలిచి రాజమహేంద్రవరం చేరినా సొమ్ము చేతికి రాలేదు. ఫోర్డ్ రోజుల తరబడి దారిలోనే నిలిచిపోయాడు. ఆనాటి ఆంగ్ల రచయితలు దీనిని రాజు మాట తప్పడంగా వ్రాశారు. నిజానికి చేతిలో రొక్కం లేకుండా, గెలవబోయే సీమల శిస్తును తాకట్టు పెట్టి యుద్ధం చేయడం ఆ కాలపు సంస్థానాలన్నిటికీ అలవాటే. ఆనంద గజపతిరాజు 1760లో మశూచి సోకి మరణించాడు. ఆయనకు సంతానం లేదు. దాయాది అయిన రామభద్రరాజు చిన్న కుమారుని దత్తత తీసుకుని చిన విజయరామరాజుగా పట్టం కట్టారు. ఆ బాలునికి గద్దెతో పాటు పెద్ద సైన్యం, పెద్ద సీమ సంక్రమించాయి. పెద్ద ఖర్చు కూడా సంక్రమించింది.

సీతారామరాజు

బాలరాజు పేరున పాలన సాగించినవాడు ఆయన సవతి అన్న సీతారామరాజు. దత్తత చిన్నవానికి జరిగినందున పెద్దవానికి గద్దె దక్కలేదు. అధికారం మాత్రం చాలాకాలం అతని చేతిలోనే ఉంది. సీతారామరాజు చురుకైనవాడు, సాహసి, పట్టుదల గలవాడు. ఆంగ్లేయ గ్రంథకర్తలు అతనిని కుటిలునిగా చిత్రించారు. 1761లో పర్లాకిమిడి రాజుపైన దండెత్తి, ఆయననూ ఆయనకు తోడుగా వచ్చిన మరాఠా దళాన్నీ శ్రీకాకుళం సమీపంలో ఓడించాడు. తరువాతి సంవత్సరాలలో చుట్టుపట్ల జమీందారులలో అనేకులను లోబరచుకున్నాడు. కొందరు విజయనగరం కోటలో బందీలుగా ఉండేవారు. బొబ్బిలి యుద్ధంలో బ్రతికి బయటపడిన చిన రంగారావు కూడా వారిలో ఒకడు.

దీని వలన విజయనగరం కొండసీమ నుండి సముద్రతీరం వరకు ఎదురులేని సంస్థానమైంది. కాని గెలిచిన ప్రతి సీమకూ కాపలా కావాలి. కాపలాకు జీతం కావాలి. లొంగిన జమీందారులు పంటలు బాగున్నపుడు కప్పం పంపేవారు, బాగులేనపుడు కొండల్లోకి పోయేవారు. లెక్కలో చూపే రాబడికీ, చేతికి వచ్చే రొక్కానికీ మధ్య వ్యత్యాసం ఈ కాలంలోనే పెరిగిందని చెప్పవచ్చు.

ప్రసిద్ధ చాటుకవి అడిదం సూరకవి ఈ కాలంవాడే. విజయనగర ఆస్థానంతో ఆయనకు సంబంధం ఉంది. ఆయన రచించిన రామలింగేశ శతకంలో ఆనాటి పాలనలోని అక్రమాలపైన, ఉద్యోగుల దుండగాలపైన విమర్శ కనిపిస్తుంది.

కంపెనీ ప్రవేశం, పేష్కషు

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా ద్వారా ఉత్తర సర్కారులు కంపెనీకి సంక్రమించాయి. 1766లో నిజాం ఆలీతో చేసుకున్న ఒడంబడిక ప్రకారం కంపెనీ ఈ సర్కారుల కొరకు ఏటా మొత్తం 9 లక్షల రూపాయలు నిజాముకు ఇవ్వాలి. అందులో శ్రీకాకుళం సర్కారు వంతు 2 లక్షలు. 1768లో ఈ షరతులను సవరించారు. ఆ తరువాత విశాఖపట్నంలో ఛీఫ్ అనే అధికారి, ఆయన కౌన్సిల్ పాలనా వ్యవహారాలు చూశారు. ఈ ఏర్పాటు 1794 వరకు కొనసాగింది.

పేష్కషు అనగా జమీందారు తనపై అధికారికి ఏటా చెల్లించే నిర్ణీత సొమ్ము. మొగలాయీ కాలంలో అది నిర్ణీతమన్నది మాటకే. సుబేదారు బలంగా ఉన్నపుడు, దండుతో వచ్చినపుడు ముట్టేది. లేనపుడు బకాయి పడేది. బకాయిలో కొంత మాఫీ అయ్యేది. అంటే పంట బాగున్న ఏట ఎక్కువ, కరవు ఏట తక్కువ చెల్లించే వీలు ఆ పాత పద్ధతిలో దొంగచాటుగానైనా ఉండేది. కంపెనీ వచ్చాక చెల్లింపునకు గడువులు ఏర్పడ్డాయి. బకాయి ఏ సంవత్సరానిదైనా పుస్తకంలోంచి పోదు. ఈ మార్పును జమీందారులు ఆలస్యంగా గ్రహించారు.

సంస్థానపు రాబడి ప్రధానంగా పంటలో భాగం. ఈ సీమలో పెద్ద నదులు లేవు. గోస్తని, చంపావతి వంటివి వానాకాలపు ఏరులు. వరిపంట చెరువులపైన, చెరువు వానపైన ఆధారపడి ఉండేది. మెట్టన చోళ్ళు, గంటెలు, నువ్వులు పండేవి. దీనికి తోడు దారులపైన సాయరు సుంకాలు ఉండేవి. రాజుకు వచ్చేది ఎక్కువగా ధాన్యం, ఇవ్వవలసినది రొక్కం. పంట విరగబండిన ఏట ధాన్యం ధర పడిపోయేది. పంట కొంత తగ్గిన ఏట ధర పెరిగి గాదెలున్న రాజుకు లాభించేది కూడా. వరుసగా రెండు మూడేళ్ళు వానలు తప్పితే మాత్రం గాదెలు ఖాళీ అయి, ధర ఎంత ఉన్నా అమ్మడానికి ఏమీ మిగలదు.

కిస్తు గడువు నాటికి ధాన్యం రొక్కంగా మారదు కనుక మధ్యలో సాహుకారులు ప్రవేశించారు. వారు రాజు తరఫున కంపెనీకి జామీను ఉండేవారు, లేదా సొమ్ము ముందుగా చెల్లించేవారు. బదులుగా వడ్డీతో పాటు కొన్ని గ్రామాల శిస్తు వసూలు హక్కు పొందేవారు. ఆ గ్రామాల రాబడి మరుసటి ఏడు రాజుకు రాదు. కాబట్టి మరుసటి కిస్తుకు మరింత అప్పు కావాలి. కంపెనీ ఉద్యోగులలో కొందరు కూడా సొంతంగా వడ్డీ వ్యాపారం చేయడం ఆ కాలంలో మద్రాసు రాజధాని అంతటా ఉన్నదే.

పేష్కషు సొమ్ములో కొంత మళ్ళీ ఈ సీమకే తిరిగివచ్చేది. కంపెనీ విశాఖపట్నం నుండి నేతబట్టలు కొని ఎగుమతి చేసేది. నేతగాండ్రకు ఇచ్చే బయానాలు శిస్తు సొమ్ములోంచే పోయేవి. అయితే మైసూరు యుద్ధాల వంటివి వచ్చినపుడు రొక్కం మద్రాసుకు తరలిపోయేది. అపుడు విశాఖ తీరంలో నాణెం కొరత ఏర్పడి ధాన్యం అమ్మకం మరింత కష్టమయ్యేది.

ఖర్చు పక్కన మొదటిది సైన్యం. రాచవారికి, ఇతర యోధ కుటుంబాలకు మొఖాసా గ్రామాలు ఇచ్చి, అందుకు ప్రతిగా సైనిక సేవ పొందడం సంస్థానపు పద్ధతి. ఆ గ్రామాలనుండి రాజుకు వచ్చేది నామమాత్రం. జీతానికి ఉండే సిబ్బంది ఖర్చు వేరు. సైన్యం తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందన్నది నిజమే. కాని కొండ జమీందారులనుండి కప్పం రాబట్టేది, గ్రామాలలో శిస్తు వసూలుకు దన్నుగా నిలిచేది ఆ సైన్యమే. సైన్యాన్ని తొలగిస్తే ఖర్చుతో పాటు రాబడి కూడా పోతుంది. కంపెనీ పదే పదే చేసిన ప్రధాన కోరిక సైన్యాన్ని తగ్గించమని. విజయరామరాజు పదే పదే నిరాకరించినది కూడా దానినే.

మద్రాసు ప్రయాణం

1776లో సర్కారుల స్థితిగతులను విచారించడానికి సర్క్యూట్ కమిటీ నియమితమైంది. గ్రామాలు తిరిగి, కరణాల లెక్కలు చూసి, ఎంత పండుతున్నది, ఎవరికి ఎంత పోతున్నది తేల్చడం దాని పని. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డ్ ఈ కమిటీని రద్దు చేసి, జమీందారులందరూ స్వయంగా మద్రాసు వచ్చి తనతో పేష్కషు మాట్లాడుకోవాలని ఆజ్ఞాపించాడు. విజయనగరం నుండి మద్రాసు వందల మైళ్ళ దూరం. రాజు ప్రయాణం అంటే పరివారం, పల్లకీలు, కానుకలు. బకాయిలలో ఉన్న సంస్థానాలకు ఈ ప్రయాణమే మరొక అప్పు. జమీందారులు తప్పించుకోజూచినా ఫలితం లేకపోయింది.

సోదరులిద్దరూ మద్రాసు వెళ్ళారు. అప్పటికి విజయరామరాజు యుక్తవయస్కుడై అన్న చేతికింద నుండి బయటపడాలని ప్రయత్నిస్తున్నాడు. బంధువైన జగన్నాథరాజు దివానుగా ఆయనకు అండగా ఉన్నాడు. రంబోల్డ్ సీతారామరాజు పక్షం వహించాడు. జగన్నాథరాజును తొలగించి దివాన్‌గిరీ సీతారామరాజుకు ఇప్పించాడు. విజయరామరాజు తీవ్రంగా అభ్యంతరం తెలిపినా చివరికి ఒప్పుకోక తప్పలేదు. తరువాత బయటపడిన ఒక పత్రం ప్రకారం సీతారామరాజు తనకు జరిగిన మేలుకు ప్రతిఫలంగా గవర్నరు కార్యదర్శి రెడ్‌హెడ్‌కు లక్ష రూపాయలు ఇస్తానని వ్రాసి ఇచ్చాడు. 1781లో కంపెనీ డైరెక్టర్లు రంబోల్డ్‌ను పదవి నుండి తొలగించారు. ఆయనపై బ్రిటిష్ పార్లమెంటులో చర్య ప్రారంభమై మధ్యలోనే ఆగిపోయింది.

విజయనగరం లెక్కల్లో మాత్రం ఆ లక్ష, అలాంటి ఇతర కానుకలు ఎక్కడో ఒకచోట ఖర్చుగా పడవలసినవే. సంస్థానపు దుర్వ్యయం గురించి కంపెనీ వ్రాసిన కాగితాలలో తన ఉద్యోగులు పుచ్చుకున్నదానికి చోటు తక్కువ.

సర్క్యూట్ కమిటీ నివేదిక

కమిటీని 1783లో పునరుద్ధరించారు. 1784లో అది కశింకోట విభాగం గురించి నివేదిక ఇచ్చింది. విజయనగరం సైన్యం 12,000 మందికి మించి ఉన్నదని, అది కంపెనీకి ప్రమాదకరమని అందులో ఉంది. సైన్యాన్ని తగ్గించి, అందువలన మిగిలే సొమ్మును పేష్కషుగా పెంచవచ్చునన్నది కమిటీ వాదం. కాగితం మీద ఈ వాదం చక్కగా ఉంది. సైన్యం ఉన్నందువలన వచ్చే రాబడిని అలాగే ఉంచి, సైన్యానికి అయ్యే ఖర్చును మాత్రం తీసివేసి కూడిక వేయడం ఇందులోని లోపం.

ఈ ఒత్తిడి సాగుతున్న కాలంలోనే అన్నదమ్ముల మధ్య అధికారం పలుమార్లు చేతులు మారింది. ఒక దివాను కుదిర్చిన కౌళ్ళను మరొక దివాను రద్దు చేయడం, ఒకరు చేసిన అప్పును మరొకరు ఒప్పుకోకపోవడం ఇటువంటి స్థితిలో సహజం. చివరకు 1793లో సీతారామరాజును కంపెనీ మద్రాసుకు పిలిపించింది. దానితో విజయనగరంలో అతని ప్రాబల్యం ముగిసింది. విజయరామరాజు మొదటిసారిగా ఒంటరిగా సంస్థానపు భారం వహించాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. భారమంతా బకాయిల రూపంలో ఉంది.

కరవు సంవత్సరాలు

ఇంతలో కరవు వచ్చింది. 1789 నుండి వానలు సన్నగిల్లి, 1790-92 సంవత్సరాలలో ఉత్తర సర్కారులలో ఘోరమైన క్షామం ఏర్పడింది. సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఆ సంవత్సరాల వర్షపాతాన్ని కొలిచి నమోదు చేశాడు. ఇదే క్షామం దక్కనులోనూ వ్యాపించింది. చచ్చినవారిని పూడ్చే దిక్కులేక పుర్రెలు పడి ఉన్నందున అక్కడ దానికి పుర్రెల కరవు అని పేరు వచ్చింది. మద్రాసు ప్రభుత్వం బెంగాలు నుండి బియ్యం తెప్పించవలసి వచ్చింది.

క్షామం ఒక ఏటితో పోదు. చనిపోయిన పశువులను, వలసపోయిన రైతులను, గట్టు తెగిన చెరువులను మరుసటి వాన తిరిగి తేలేదు. వానలు కురిసిన తరువాత కూడా రాజు విత్తనాలకు, పశువులకు అప్పు ఇవ్వాలి. శిస్తులో తగ్గింపు ఇవ్వాలి. సాహుకారులు ఇటువంటి సమయంలోనే చేయి ముడుచుకుంటారు. విజయనగరం పేష్కషు బకాయి భారీగా పెరిగింది ఈ నేపథ్యంలోనే.

మరోవైపు కంపెనీ ఖజానా కూడా సుఖంగా లేదు. టిప్పు సుల్తానుతో 1790 నుండి 1792 వరకు జరిగిన మూడవ మైసూరు యుద్ధం మద్రాసును అప్పులలో ముంచింది. 1793లో ఐరోపాలో ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది. అప్పటి గవర్నరు సర్ చార్లెస్ ఓక్లీ మద్రాసు ఆర్థిక వ్యవహారాలను చక్కదిద్దినవాడుగా పేరు పొందాడు. అప్పులు తీర్చడం, బకాయిలు రాబట్టడం ఆయన కాలపు ప్రధాన కార్యక్రమాలు. ఈ విధంగా సంస్థానం చెల్లించలేని సమయమూ, కంపెనీ ఆగలేని సమయమూ ఒకటే అయినవి.

జప్తు

1793లో కంపెనీ సంస్థానాన్ని జప్తు చేసి, విజయనగరం కోటలో తన సైన్యాన్ని నిలిపింది. రాజు మచిలీపట్నం వెళ్ళి నివసించాలని, నెలకు 1,200 రూపాయలు భత్యం ఇస్తామని నిర్ణయించింది. లక్షలలో పేష్కషు చెల్లించిన రాజుకు ఇది ఎంత తక్కువ అన్నది ఒక విషయం. అంతకన్నా ముఖ్యమైనది మచిలీపట్నం అన్న షరతు. రాజు సీమలో ఉన్నంతకాలం మొఖాసాదారులు, గ్రామపెద్దలు ఆయన మాటనే వింటారని, శిస్తు కంపెనీకి చేరదని అధికారుల భావన.

రాచవారి పరిస్థితి కూడా ఇక్కడ గమనించవలసినది. వారి మొఖాసాలు రాజు ఇచ్చినవి. రాజు పోతే, సైన్యం పోతే ఆ గ్రామాలపై పూర్తి శిస్తు పడుతుంది. తరువాత పద్మనాభంలో రాజు చుట్టూ చేరినవారిలో స్వామిభక్తి ఎంత ఉందో, తమ భూమి గురించిన ఆందోళన అంత ఉండి ఉండాలి. వీరగాథలు మొదటిదానినే చెబుతాయి.

పద్మనాభ యుద్ధం

1794లో విజయరామరాజు విజయనగరం విడిచి బయలుదేరాడు. కాని మచిలీపట్నం వెళ్ళలేదు. విజయనగరానికి, భీమునిపట్నానికి మధ్యనున్న పద్మనాభం వద్ద ఆగాడు. ఇది గోస్తని తీరాన, అనంత పద్మనాభస్వామి కొండ దిగువన ఉన్న గ్రామం. అక్కడ సుమారు 4,000 మంది ఆయన చుట్టూ చేరారు. తిరిగి కోటపైకి పోలేదు, ముందుకూ కదలలేదు. కంపెనీ అధికారులు వెళ్ళిపొమ్మని ఒత్తిడి చేశారు. మాటలు ఫలించలేదు.

1794 జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో కంపెనీ సిపాయిలు దాడి చేశారు. పోరు మూడు వంతుల గంట మాత్రమే జరిగింది. కంపెనీ వైపు తుపాకులు, కవాతు నేర్చిన సిపాయిలు. రాజు వైపు సంఖ్యాబలం, కత్తులు, బల్లేలు, కొన్ని తుపాకులు. విజయరామరాజు అక్కడే మరణించాడు. ఆయనను చుట్టుకొని పోరాడిన రాచవారిలో ముఖ్యులు అనేకులు ఆయనతో పాటే నేలకొరిగారు. ఆ సీమలోని ప్రధాన క్షత్రియ కుటుంబాలలో ఆనాడు మనిషిని పోగొట్టుకోనిది అరుదు.

ఈ యుద్ధాన్ని గాథగా చేసి జానపద గాయకులు చాలాకాలం పాడారు.

తరువాతి పరిణామాలు

రాజు కుమారుడు నారాయణబాబు అప్పటికి బాలుడు. అతనిని కాశీపురం వైపు కొండ జమీందారుల ఆశ్రయానికి తరలించారు. గెలిచిన కంపెనీకి శిస్తు మాత్రం చేతికి రాలేదు. మన్యంలో అల్లర్లు తలెత్తే ప్రమాదం కనిపించింది. చివరకు కంపెనీ నారాయణబాబుతో రాజీ కుదుర్చుకుని, తగ్గించిన సంస్థానాన్ని 6 లక్షల పేష్కషుపైన తిరిగి ఇచ్చింది. బొబ్బిలిని చిన రంగారావుకు ఇచ్చారు. సాలూరు, కురుపాం మొదలైన కొండ జమీందారీలు విజయనగరం నుండి విడిపోయి నేరుగా కంపెనీ కిందికి వచ్చాయి. జయపురం రాజు రామచంద్రదేవుకు ప్రత్యేక సనదు లభించింది. 1794లోనే విశాఖపట్నం ఛీఫ్, కౌన్సిల్ పద్ధతి రద్దయి కలెక్టర్లు వచ్చారు.

1802లో శాశ్వత బందోబస్తు జరిగింది. విజయనగరం ఎస్టేటులో 24 పరగణాలు, 1,157 గ్రామాలు ఉన్నాయి. పేష్కషు 5 లక్షలుగా స్థిరపరిచారు. ఉప్పు, సాయరు, అబ్కారీ ఆదాయాలను కంపెనీ తన వద్దనే ఉంచుకుంది. సైన్యం ఖర్చు ఇక లేదు. కనుక సర్క్యూట్ కమిటీ వాదం ప్రకారం ఎస్టేటు మిగులులో ఉండాలి. అలా జరగలేదు. నారాయణబాబు పాలనాకాలంలో ఎస్టేటు అప్పులలో పడి పలుమార్లు కంపెనీ యాజమాన్యంలోకి పోయింది. ఆయన కాశీలో నివసిస్తూ 1845లో అప్పులు మిగిల్చి మరణించాడు. ఆ శతాబ్దపు రెండవ పాదం మద్రాసు రాజధాని అంతటా ధాన్యం ధరలు పడిపోయిన కాలం. రూపాయలలో స్థిరపడిన పేష్కషు ధరలు తగ్గినకొద్దీ బరువెక్కింది.

1850ల తరువాత ధరలు పెరిగాయి. అదే 5 లక్షలు క్రమంగా తేలికైంది. నారాయణబాబు కుమారుడు మూడవ విజయరామ గజపతిరాజు 1852లో ఎస్టేటును చేతికి తీసుకున్నాడు. 1857లో విజయనగరంలో పాఠశాల స్థాపించాడు. అది 1879లో మహారాజా కళాశాల అయింది. ఆయన దాతగా, పాలనాదక్షునిగా కీర్తి పొందాడు. ఆయన దక్షతను కాదనవలసిన పని లేదు. అయితే తాతకు లేని మంచి ధరలు, మాఫీ అడగనవసరం లేని స్థిర పేష్కషు ఆయనకు కలిసివచ్చాయి.

అంచనా

విజయరామరాజు గురించి ఆంగ్లేయ జిల్లా గ్రంథాలు ఒక అభిప్రాయాన్ని స్థిరపరిచాయి. అన్న అండ లేనిదే రాజ్యం చేయలేని అసమర్థుడని, బకాయిలు ఆ అసమర్థత ఫలితమని వాటి సారాంశం. తెలుగు గాథలలో ఆయన మచ్చలేని వీరుడు. రెండింటిలోనూ లెక్కలు లేవు. ఆయన స్వతంత్రంగా పాలించిన కాలం చాలా తక్కువ. ఆ కొద్దికాలమూ క్షామం వెంటనే వచ్చినది. అప్పులలో అధికభాగం సీతారామరాజు కాలపు దండయాత్రల నుండి, కానుకల నుండి పేరుకున్నవి. ఆయన వైపు లోపం లేదనడం కూడా సరికాదు. సైన్యాన్ని కొంచెం కొంచెంగా తగ్గించి, కొండ జమీందారులతో కప్పం విషయంలో సర్దుబాటు చేసుకుని కాలం గడిపే దారి ఉండి ఉండవచ్చు. ఆ దారిని ఆయన ప్రయత్నించినట్లు కనబడదు.

పద్మనాభంలో స్మృతులు

విజయరామరాజు స్మారకం పద్మనాభంలో ఉంది. గ్రామం విశాఖపట్నం జిల్లాలో మండల కేంద్రం. కొండపైన అనంత పద్మనాభస్వామి ఆలయానికి వెయ్యికి పైగా మెట్లు ఎక్కి వెళ్ళాలి. కొండ దిగువన కుంతీమాధవస్వామి ఆలయం ఉంది. కార్తీక బహుళ అమావాస్యనాడు కొండమెట్ల పొడవునా దీపాలు వెలిగించే ఉత్సవానికి చుట్టుపట్ల ఊళ్ళనుండి, విశాఖపట్నం, విజయనగరం పట్టణాల నుండి భక్తులు వస్తారు.